ఊడితే ఒక వెల, విరిగితే ఒక వెల

షెడ్డులోకి ఏ బండి వచ్చినా గొట్టాలమ్మకి ముందు కనిపించేది బండి కాదు, దాని కింద దూరబోయే మనిషి. జాకీ జారుతుందేమో, తుప్పు రాలి కంట్లో పడుతుందేమో, పెట్రోలు చెమ్మ ఉన్న చోట వెల్డింగు రవ్వ ఎగురుతుందేమో. ఆమె మనసు ఎప్పుడూ కీడు వైపే ముందు పరుగు తీస్తుంది. ఫోను మోగితే ఎవరికేమైందోనని గుండె దడ. మోగకపోతే, మోగించడానికి కూడా వీల్లేనంతగా ఏమైందోనని ఇంకా దడ.

ఆ షెడ్డులో జరిగేది ఒకటే పని, కార్ల కింద పొగ గొట్టాలూ సైలెన్సర్లూ మార్చడం. అందుకే వీధిలో అందరికీ ఆమె గొట్టాలమ్మ. షెడ్డు పెట్టింది భర్త. ఆయన పోయాక గొట్టాలు వంచడం, అతకడం మరిది చూసుకుంటున్నాడు. ధర చెప్పడం ఆమె వంతు. దానికి భర్త నాటి నుంచి వస్తున్న పద్ధతి ఒకటుంది. బండి చల్లారేదాకా ఆగాలి. కిందకి వంగి చూడాలి. ఎడమ వైపు వెనక టైరు మీద సుద్దముక్కతో అంకె రాయాలి. రాశాక తుడవడం లేదు, పెంచడం లేదు. నోటిమాట అయితే రేపు నువ్వొకటి అంటావు, నేనొకటి అంటాను, టైరు మీద ఉంటే ఇద్దరం నోరు మూసుకుంటాం అనేవాడు ఆయన.

ఒక్క రకం బండిని మాత్రం ఆమె గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. అది టర్బో బండి. ఇంజను వదిలే పొగ ఊరికే బయటికి పోకుండా, దారిలో ఒక చిన్న పంకాను గిర్రున తిప్పుతుంది. ఆ పంకా ఇంజనులోకి మరింత గాలిని కుక్కి పంపుతుంది. బండికి రెక్కలొస్తాయి. పరుగు సరే, వేడి మాటేమిటి? పంకా పక్కనున్న గొట్టం నిప్పుకణికలా కాగుతుంది. దాన్ని పట్టి ఉంచే మరలు ఏళ్ళ తరబడి కాగి, చల్లారి, తుప్పుపట్టి, రెంచీ వెయ్యగానే పుటుక్కున విరుగుతాయి. విరిగాయంటే టర్బో మొత్తం కిందకి దించాల్సిందే. ఒకసారి అలాంటి పనిలోనే భర్త మోచేతి కింద చర్మం ఊడి వచ్చింది. ఆ మచ్చ ఆయనతోనే పోయింది గాని ఆమె కళ్ళలోంచి పోలేదు.

ఆమెకి ఒక్కడే కొడుకు. మీసాలొచ్చి, భుజాలు విచ్చుకున్నా ఇంట్లో పిలుపు బుజ్జిగాడే. వాడికి టర్బో అంటే పిచ్చి. కంచం ముందు కూర్చున్నా అదే గోల.

"టర్బో బండికి ఒక్క ధర చెప్పకూడదమ్మా. మరలు ఊడితే ఒక వెల, విరిగితే ఒక వెల. రెండూ ముందే చెప్పేస్తే నీకు భయం ఉండదు, వాళ్ళకి అనుమానం ఉండదు."

"రెండు నాలుకల బేరం మన షెడ్డులో లేదు. మీ నాన్న ఒక్క అంకె రాసేవారు."

"నాన్న రోజుల్లో వీధికి ఎన్ని టర్బోలు వచ్చేవేంటి?"

"ఒకటొచ్చింది. అది చాలు. ముందు ఆ ముద్ద మింగు."

ఒకనాడు మరో టర్బో బండిని ఆమె వీధిలోంచే వెనక్కి తిప్పి పంపేసింది. బుజ్జిగాడు చేతులు తుడుచుకున్నాడు, బట్టలు సర్దుకున్నాడు. పక్క ఊళ్ళో పెద్ద కంపెనీ వర్క్‌షాపులో చేరుతున్నానన్నాడు. గుమ్మంలో ఆగి, "నువ్వు టర్బో బండి ఒప్పుకున్న రోజున వస్తానమ్మా" అన్నాడు. ఆమెకి ఉక్రోషం ముంచుకొచ్చింది. "అయితే ఇక రానక్కర్లేదు పో" అంది. బెదిరిస్తే ఆగుతాడనుకుంది. వాడు పోయాడు.

అది జరిగి రెండేళ్ళు దాటింది. అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. తిన్నావా అంటే తిన్నానంటాడు. చేతులు జాగ్రత్త అంటే ఊఁ అంటాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండవు. వాడి వెనక ఎక్కడో రెంచీ కిందపడిన చప్పుడు, ఎవరో ఎవరినో కేకేసిన చప్పుడు వినిపిస్తాయి. ఆమె వాటినే చెవులు రిక్కించి వింటుంది. "ఉంటానమ్మా" అని వాడు పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే ఉంచుకుంటుంది, గిన్నె అడుగున ఇంకేమైనా మిగిలిందేమో చూసినట్టు.

వాడిది ఎడమచేతి వాటం. వాడి పటకారు గోడకి ఎడమ పక్క మేకుకి ఇంకా వేలాడుతూనే ఉంది. మరిది దాన్ని ముట్టుకోడు. ముట్టుకుంటే వదిన ముఖం ఎలా మారుతుందో తెలుసు. ఆమే రెండు రోజులకోసారి తీసి, నూనె గుడ్డతో తుడిచి, మళ్ళీ అదే మేకుకి తగిలిస్తుంది.

ఆ రోజు పొద్దెక్కాక వీధి మొదట్లోంచి ఒక గురక వినిపించింది. దున్నపోతు నిద్రపోతున్నంత గురక. బండి దగ్గరికొచ్చేసరికి ఆ గురక వెనకాల సన్నని ఈల కూడా తగిలింది ఆమె చెవికి. టర్బో! ఆమె చెయ్యి అడ్డంగా ఊపుతూ గుమ్మంలోకి ఎదురెళ్ళింది.

బండి దిగినావిడ చేతిలో తెల్లకోటు ఉంది. పళ్ళ డాక్టరునని చెప్పుకుంది.

"టర్బో కదమ్మా ఇది. మేం చెయ్యం."

"చెయ్యరనే చెప్పారండీ. అయినా ఒక్కసారి కిందకి చూసి కాదనమని అడగమన్నారు."

"ఎవరు చెప్పారు?"

"తెలిసినవాళ్ళు" అని డాక్టరమ్మ అద్దం వైపు చూసి జుట్టు సర్దుకుంది.

చూసి కాదనడానికి ఏం పోయింది? ఆమె గోనెసంచి పరుచుకుని, మోకాళ్ళ మీద వంగి, లైటు వేసి చూసింది. ముందు గొట్టం జల్లెడ అయిపోయింది. వెనక సైలెన్సరును పట్టి ఉంచే రబ్బరు తెగితే, ఎవరో ఇనుప తీగతో కట్టి, పటకారుతో మెలి తిప్పారు. ఆ మెలి మీద ఆమె చూపు అతుక్కుపోయింది.

మెలి ఎడమ వైపు తిరిగి ఉంది. తీగ కొసని వెనక్కి మడిచి, లోపలికి దోపి ఉంది. ఎవరి చేతికీ గీసుకోకుండా.

ఆ మడత నేర్పింది ఆమే. కొసలు అలా వదిలేస్తే ఎవరికో గీసుకుంటుంది, చీము పడుతుంది, చెయ్యి తీసేస్తారు అని చిన్నప్పుడు బుజ్జిగాణ్ణి చంపుకు తినేది. పక్కన నిలబడి ప్రతి తీగకీ మడిపించేది. వాడు విసుక్కుంటూ మడిచేవాడు. ఇప్పుడు పక్కన ఎవరూ లేకపోయినా మడిచాడు.

"వదినా, ఏంటంతసేపు? కింద పాముందా?" అన్నాడు మరిది.

"నోర్ముయ్యి" అంది ఆమె. లేచి, మోకాళ్ళు దులుపుకుని, "బండి చల్లారనీ తల్లీ, ధర చెబుతా. అలా కూర్చో" అంది.

మరిది ఆమెను గొట్టాల దొంతర వెనక్కి లాక్కెళ్ళాడు.

"ఒంట్లో బాగానే ఉందా? టర్బో బండిని కూర్చోమన్నావు!"

"బండిని కాదు, డాక్టరమ్మని."

"అదేలే. కంపెనీవాళ్ళు ఆవిడకి నలభై వేలు చెప్పారట. మనం ఇరవై అందాం. సగానికి సగం. ఆవిడా పండగ, మనమూ పండగ."

"వాళ్ళు నలభై అంటే నీ చెయ్యి ఇరవై అయిపోతుందా? మనకెంత అవుతుందో అది చెప్పు."

మరిది నెత్తి గోక్కున్నాడు. గొట్టం, దాని వంపులు, ఇంజను ఊగినప్పుడు పగలకుండా మధ్యలో వేసే జాలీ అల్లిన ముక్క, అతుకుల్లోంచి పొగ కారకుండా కొత్త గాస్కెట్లు, కొత్త రాగి నట్లు, ఒక రోజు కూలి. వేళ్ళు మడుస్తూ పోయాడు. "తొమ్మిది వేలు. అదీ మరలు బుద్ధిగా ఊడితేనే."

"ఊడకపోతే?"

"టర్బో దించాలి. విరిగిన ముక్కలు తొలిచి తియ్యాలి. ఇంకో రోజున్నర నా నడుం విరగాలి. పదహారు. అన్నయ్య అయితే ఏ పన్నెండో రాసేసి, పైవాడి మీద భారం వేసి కిందకి దూరేవాడు."

ఆమె ఆలోచనలో పడింది. పన్నెండు రాస్తే, మరలు ఊడినప్పుడు డాక్టరమ్మ దగ్గర భయానికి కూడా డబ్బు తీసుకున్నట్టు. విరిగితే మరిది కడుపు కొట్టినట్టు. ఏది జరిగినా ఒకరికి అన్యాయం తప్పదు. ఇన్నాళ్ళూ మామూలు బండ్లకి ఆ తేడా వందల్లో ఉండేది, ఎవరికీ కనిపించలేదు. టర్బోకి అది వేలల్లోకి వచ్చేసరికి దాచలేనంత పెద్దదైంది. బుజ్జిగాడు కంచం ముందు మొత్తుకున్నది ఇదే కదా అనుకుంది.

టైరు దగ్గర గొంతుక్కూర్చుంది. 9000 అని రాసింది. సుద్ద అక్కడే ఆగింది. ఆ షెడ్డులో రెండో అంకె ఎన్నడూ రాయలేదు. దాని కిందే 16000 అని రాసింది.

"మరలు ఊడితే పైది, విరిగితే కిందది. విరిగాయో లేదో నీ కళ్ళతోనే చూపిస్తా" అంది డాక్టరమ్మతో.

డాక్టరమ్మ పకాలున నవ్వింది. "అచ్చం మా దగ్గర లాగేనండీ! పన్ను తిన్నగా వస్తే ఒక రేటు, వేరు విరిగితే ఒక రేటు. ముందు చెబితే తలూపుతారు. తర్వాత చెప్పామనుకోండి, వాచిన చెంప పట్టుకుని మరీ పోట్లాడతారు." బండి ఎక్కుతూ, "ఒక మాట అడిగి రేపు తెస్తా" అంది.

ఎవరిని అడుగుతావని గొట్టాలమ్మ అడగలేదు. అడిగితే ఆ డాక్టరమ్మ కాదనేదో, ఇంకెవరి పేరో చెప్పేదో. ఆ మెలి తిరిగిన తీగ కాస్తా ఉత్త తీగ అయిపోయేది.

గురక వీధి మలుపు తిరిగిందో లేదో మబ్బు పట్టింది. ఆమెకి కాలు నిలవలేదు. వాన పడితే సుద్ద కరిగిపోతుంది. వాడు చూసేలోపే రెండు అంకెలూ కాలవలో కలుస్తాయి. అంతలో ఇంకో భయం నెత్తిన పిడుగులా పడింది. పగిలిన గొట్టం పొగ బండిలోకి వస్తుందే! అద్దాలు దించుకుని వెళ్ళమని ఆ పిల్లకి చెప్పనేలేదు. దారిలో మత్తు కమ్మితే? చెట్టుకి గుద్దితే అని పైకే అనేసింది.

"ఏ చెట్టుకి గుద్దుతుందో అది కూడా నువ్వే చెప్పు వదినా, ముందే కొట్టించేద్దాం" అన్నాడు మరిది.

ఆమె నవ్వలేదు. రేకుల మీద మొదటి చినుకు టప్పుమంది. తర్వాత జోరందుకుంది. ఆమె గుమ్మంలో నిలబడి, నీళ్ళు నురగలు కక్కుతూ వీధిలో పరుగెత్తడం చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం ఫోను మోగలేదు. తను చేద్దామా అని తీసి, ఏమని చెయ్యాలో తోచక మళ్ళీ పెట్టేసింది. తీగ చూశానని చెప్పాలా? చూశానని చెబితే, చూడమనే కట్టానని వాడు ఒప్పుకోవాలి. వాళ్ళ నాన్న పోలిక, ఒప్పుకోడు.

మర్నాడు బండి వచ్చింది. ఆమె డాక్టరమ్మ క్షేమంగా ఉందో లేదో కూడా చూడకుండా వెనక టైరు దగ్గరికి పోయింది. నల్లగా, కడిగిన రాయిలా ఉంది టైరు. ఒక్క గీత మిగల్లేదు. వాన పడింది ముందా, వాడు చూసింది ముందా? ఎవరిని అడగాలి?

"ఆ రెండు ధరలే కదండీ, నాకు గుర్తున్నాయి. కానివ్వండి" అంది డాక్టరమ్మ.

మరిది బండిని లేపి, కింద దిమ్మలు పెట్టి, ఒకటికి రెండుసార్లు ఊపి చూపించాడు. అయినా ఆమె ఇంకో దిమ్మ తెచ్చి పెట్టింది. ఒక చేతిలో నీళ్ళ బక్కెట్టు, ఇంకో చేతిలో ఇసుక బక్కెట్టు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది. పుటుక్కుమనే చప్పుడు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుంది.

"వదినా!"

"విరిగిందా? కాలిందా? కంటికా, చేతికా?"

"ఊడింది. వెన్నలో వేలు పెట్టినట్టు ఊడింది. ఇలా రా, చూడు."

బక్కెట్లు దించి వంగి చూసింది. టర్బో దగ్గర మరలకి పాత తుప్పు నట్లు లేవు. కొత్త రాగి నట్లు ఎర్రగా మెరుస్తున్నాయి. మరల చుట్లలో తుప్పు గీకి, గ్రీజు పూసి ఉంది. తాజాగా.

"ఎవరో నిన్ననే విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి పంపారు. ఇంత పనిమంతుడు ఆ గొట్టం కూడా తనే మార్చుకోవచ్చుగా? మనకెందుకు పంపడం?" అన్నాడు మరిది. అంటూనే అతని గొంతు నెమ్మదించింది. వదిన ముఖంలోకి చూశాడు. గోడ మీది ఎడమ మేకు వైపు చూశాడు.

బుజ్జిగాడు ఆ అంకెలు చూశాడు. వాన కంటే ముందే చూశాడు. చూసి, కాలే పని, విరిగే పని, అమ్మ కళ్ళు మూసుకునే పని తన చేతుల మీద వేసుకుని, మిగిలింది బాబాయికి పంపాడు. ఆమె బక్కెట్టులో నీళ్ళతో ముఖం కడుక్కుంది. నిప్పు కోసం తెచ్చిన నీళ్ళు అందుకైనా పనికొచ్చాయి.

ఎండ వాలేసరికి పని అయిపోయింది. బండి స్టార్టు చేస్తే గురక లేదు. మెత్తగా, దుప్పటి కింద నుంచి మాట్లాడినట్టు ఉంది. దాని వెనకాల ఈల ఒక్కటే సన్నగా. డాక్టరమ్మ తొమ్మిది వేలు ఇచ్చింది. ఆమె అందులోంచి ఒక వెయ్యి విడిగా తీసి పట్టుకుంది.

"తల్లీ, ఆ మరలు విప్పినవాడు ఎడం చేత్తో తింటాడా?"

డాక్టరమ్మ నాలిక కరుచుకుంది. తర్వాత నవ్వేసింది. "చెప్పొద్దన్నాడండీ. పొద్దున్న నాతోనే వచ్చాడు. వీధి చివర టీ కొట్టు దగ్గర దిగిపోయాడు. బాగయ్యాక బండి చప్పుడు వినిపిస్తే చాలట."

పొద్దున్నుంచీ! ఇంత దగ్గర్లో! ఆమె కాళ్ళకి చెప్పులు కూడా చూసుకోలేదు. వీధిలో పడింది. ఎదురొచ్చిన సైకిలువాడు బెల్లు కొట్టి కొట్టి చివరికి తనే పక్కకి తప్పుకున్నాడు.

టీ కొట్టు బల్ల మీద, వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎడమ చేతిలో గ్లాసు. ఖాళీ గ్లాసు. ఆ వీపు వెనక నిలబడి ఆమె ఊపిరి తీసుకుంది.

వాడే తిరిగి చూశాడు.

"చిక్కిపోయావురా" అంది.

"లావయ్యానమ్మా. కంపెనీ చొక్కా పట్టక పెద్దది అడిగి తీసుకున్నా."

"ఇంతదాకా వచ్చి ఇక్కడ కూర్చుంటావా? నేనేం పులినా?"

"లోపలికొస్తే నేను బండి కింద దూరకుండా ఉండలేను. దూరితే నువ్వు గోలపెట్టకుండా ఉండలేవు. నీ గోలకి బాబాయి చెయ్యి జారుతుంది."

ఆమె బల్ల మీద వాడి పక్కన కూర్చుంది. "అంకెలు చూశావా?"

"చూశా. సున్నాలు వంకరగా పడ్డాయి. చెయ్యి వణికిందా?"

"వణకదూ మరి!"

వాడు తల దించుకుని గ్లాసు అడుగు చూశాడు. ఆమె ఆ వెయ్యి వాడి ముందు పెట్టింది. "మరలు విప్పిన కూలి."

"వెయ్యేనా?"

"ఊడితే ఇంతే. విరిగుంటే వేరే మాట."

వాడు పెద్దగా నవ్వాడు. రెండేళ్ళుగా ఫోనులో ఎంత వెతికినా దొరకని నవ్వు అది.

ఇద్దరూ షెడ్డుకి నడిచారు. బాబాయి వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "దొంగెదవా, నా పని తేలిక చేసి నా పరువు తీశావు కదరా" అన్నాడు. వాడు మంచినీళ్ళు తాగాడు. గోడ దగ్గరికి వెళ్ళి, పటకారు మేకు మీంచి తీశాడు. దాని మీద దుమ్ము లేదని చూశాడు, వేలికి నూనె అంటిందని చూశాడు. మళ్ళీ అదే మేకుకి తగిలించాడు. చేత్తో పట్టుకుపోతాడేమోనని, ఎప్పటికీ ఇక్కడే వదిలేస్తాడేమోనని కూడా ఆమె రెండు విధాలా భయపడుతూ చూసింది.

బయట డాక్టరమ్మ హారను కొట్టింది. ఆసుపత్రి దగ్గర మనుషులు చెంపలు పట్టుకుని ఎదురుచూస్తున్నారట.

"రేపు వెళ్దువు గాని."

"పని ఉందమ్మా. కంపెనీకి ఇంకా ఏడాది మాటిచ్చాను."

"మరి మళ్ళీ ఎప్పుడు?"

వాడు బండి తలుపు తీసి ఆగాడు. "టర్బో బండి వస్తే కబురు చెయ్యి. సెలవు చూసుకుని వచ్చి మరలు విప్పి పోతా. నేనొచ్చేదాకా బాబాయిని ముట్టుకోనివ్వకు."

"అద్దాలు దించుకోండి" అంది ఆమె. గొట్టం బాగైపోయిందని, పొగ రాదని తెలిసి కూడా అంది. వాడు దించుకున్నాడు. మలుపు తిరిగేదాకా ఎడమ చెయ్యి బయటే ఉంది. చెయ్యి లోపల పెట్టుకోరా, లారీ వస్తే ఎలా అని అరవబోయి, ఆగిపోయింది. ఇంకాస్త సేపు కనిపించనీ అనుకుంది.

మర్నాడు మరిదితో బోర్డు మీద ఇంకో వరుస రాయించింది, టర్బో బండ్లు కూడా చేయబడును అని. అక్షరాలు ఇంకా పెద్దవి కావాలని రెండుసార్లు దిద్దించింది.

ఇప్పుడు వీధిలోకి బండి రాగానే ఆమె చేతిలో పని ఆగిపోతుంది. గురకలు, దగ్గులు, చప్పుళ్ళు అన్నీ ఒక పక్కకి నెట్టి, వాటి వెనకాల సన్నని ఈల ఏమైనా ఉందా అని వెతుకుతుంది. జాకీ గుర్తొస్తుంది, నిప్పు గుర్తొస్తుంది, భర్త చేతి మచ్చ గుర్తొస్తుంది. ఒక్క భయమూ తగ్గలేదు. అయినా సుద్దముక్క పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి నిలబడుతుంది.

"మామూలు బండే వదినా" అంటాడు మరిది లోపలి నుంచి.

"తెలుసులే" అంటుంది ఆమె. ఆ బండి వెనకాల ఇంకోటి వస్తోందేమోనని వీధి చివరిదాకా చూస్తూనే ఉంటుంది.